బీబీసీ మైక్రో: బీప్ వస్తోంది, బొమ్మ నిలకడగానే ఉంది, అక్షరాలే తప్పుగా పడుతున్నాయి

మలక్‌పేట్_మైక్రో
ఒక స్కూల్లో స్టోర్‌రూమ్ ఖాళీ చేస్తుంటే తుక్కులోకి పోకుండా ఆపి తెచ్చుకున్న బీబీసీ మైక్రో ఇది, 1980ల్లో బ్రిటన్‌లోని ఏకార్న్ కంపెనీ చేసిన చిన్న కంప్యూటర్. మోడల్ బీ, 32కే మెమరీ. 1984లో కేంద్ర ప్రభుత్వం బడుల కోసం మొదలుపెట్టిన క్లాస్ ప్రాజెక్టులో వచ్చినదని మూత మీద అతికించిన స్టాక్ చీటీ చూస్తే తెలుస్తోంది. దానితో పాటు 12 అంగుళాల గ్రీన్ మానిటర్ కూడా ఇచ్చారు.

ఆన్ చేస్తే "బూ... బీప్" అని రెండు శబ్దాలూ వస్తున్నాయి, కీబోర్డు మీద లైటు వెలుగుతోంది. మానిటర్‌లో మాత్రం బొమ్మ లేదు, తెర మధ్యలో అడ్డంగా ఒకే ఒక్క మెరిసే గీత. మానిటర్ పోయి ఉంటుందని వెనకాల ఉన్న వీడియో సాకెట్ నుంచి ఇంట్లో ఎల్‌సీడీ టీవీ ఏవీకి కలిపాను. అక్కడ బొమ్మ కదలకుండా నిలబడింది కానీ అక్షరాలు తప్పు, తెర నిండా ఏవో గుర్తులు. మెషీన్‌లో లోపమా, ఈ సిగ్నల్ టీవీకి పడట్లేదా, రెండూనా? ముందు దేన్ని పట్టుకోవాలో చెప్పండి. దీన్ని ఎలాగైనా బతికించాలని ఉంది.

చిప్పు_మార్చెయ్
ర్యామ్. ఇంకో మాట లేదు. 4816 చిప్పులు పదహారూ తీసి కొత్తవి వేసెయ్. నలభై ఏళ్ల ర్యామ్‌ని నమ్ముకుంటే పని అవ్వదు.

దోమలగూడ_డయోడ్
పదహారు చిప్పులు, ఒక్కోదానికి పదహారు కాళ్లు, పైగా చాలా బోర్డుల్లో సాకెట్ లేకుండా నేరుగా సోల్డర్ చేసి ఉంటాయి. అవన్నీ పీకితే ట్రాకులు లేచిపోతాయి, అప్పుడు లోపం ఒకటి కాదు పది. ఏమీ పీకకు. ముందు పవర్ సప్లై సంగతి చెప్పు. మూత తీసి చూశావా? మెయిన్స్ వైపు పసుపు రంగులో, లోపల పొరలు కనిపించే ప్లాస్టిక్ పెట్టెలాంటి కెపాసిటర్లు రెండు ఉంటాయి. వాటి మీద సన్నని పగుళ్లు ఉంటే ఇంకోసారి ఆన్ చెయ్యకు.

కోఠి_కుర్రోడు
ఆ పసుపు కెపాసిటర్ల గురించి డయోడ్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. లోపల కాగితం పొర, పై ప్లాస్టిక్ పగిలితే గాలిలో తేమ లోపలికి పోతుంది, కరెంటు తగలగానే టప్ మని పేలి ఇల్లంతా తెల్లటి పొగ. మా ఇంట్లో ఇంకో పాత మెషీన్‌లో పేలినప్పుడు ఆ వాసన కర్టెన్లకు పట్టి ఎంతకీ వదల్లేదు. మా అమ్మ ఇప్పటికీ పాత కంప్యూటర్ అంటే ముందు బాల్కనీలో పెట్టమంటుంది. ఎక్స్2 అని రాసి ఉన్న కొత్త ఫిల్మ్ కెపాసిటర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఖర్చు పెద్దగా ఉండదు.

మలక్‌పేట్_మైక్రో
పవర్ సప్లై ఆన్ చేయకముందే విప్పించాను. ఆ రెండు కెపాసిటర్లూ పగిలే ఉన్నాయి, తెలిసిన టెక్నీషియన్ మార్చాడు. బోర్డు మీద 5 వోల్టులు 5.02 చూపిస్తోంది.

తార్నాక_టీటీఎల్
5.02 అంటే బ్రహ్మాండం. టీటీఎల్ అనే ఈ పాత రకం లాజిక్ చిప్పులకు 4.75 నుంచి 5.25 మధ్య ఉంటే చాలు. కాబట్టి పవర్ సప్లై మాట ఇక్కడితో వదిలేద్దాం.

నువ్వు చెప్పినవి రెండు వేర్వేరు లోపాలు అనుకుంటున్నాను, కలపకు. మానిటర్‌లో గీత మానిటర్ సొంత జబ్బు. దాని సంగతి తాతగారు వచ్చి చెబుతారు. టీవీలో "ఏవో గుర్తులు" అన్నావు చూడు, ఆ మాట నాకు సరిపోదు. తెర మీద ఏముందో ఒక్కో అక్షరం కాగితం మీద రాసుకుని ఇక్కడ పెట్టు. మామూలుగా పై వరసలో బీబీసీ కంప్యూటర్ 32కే అని, కింద బేసిక్ అని, ఇంకా కింద > అనే గుర్తు రావాలి. వాటి బదులు ఏమొచ్చాయి?

టంకం_తాత
అడ్డగీత గురించి చెబుతాను. భయపడాల్సిందేమీ లేదు, బ్లాక్ అండ్ వైట్ టీవీల కాలంలో రోజూ చూసిన జబ్బే.

ముందు బ్రైట్‌నెస్ తగ్గించెయ్ నాయనా. బొమ్మ మొత్తం పరుచుకోవాల్సిన వెలుగంతా ఒక్క గీత మీద పడితే ట్యూబు లోపలి పూత అక్కడ కాలిపోయి శాశ్వతంగా మచ్చ మిగులుతుంది. ఇప్పుడు ఆలోచించు. గీత వెలుగుతోందంటే హై వోల్టేజీ వస్తోంది. అది ఎడమ నుంచి కుడి దాకా పూర్తిగా ఉందంటే హారిజాంటల్ పనిచేస్తోంది. మానిటర్‌లో హై వోల్టేజీ పుట్టేదే హారిజాంటల్ భాగం నుంచి కదా. పైనుంచి కిందికి లాగేది ఒక్కటే ఆగిపోయింది, అంటే వర్టికల్. బోర్డులో సగానికి పైగా బాగున్నట్టే.

అప్పటి 12 అంగుళాల మానిటర్లలో వర్టికల్‌కి చాలావాటిలో టీడీఏ1170 అనే ఐసీ ఉంటుంది, రెండు వైపులా లోహపు రెక్కలు ఉంటాయి, చూడగానే పోల్చుకోవచ్చు. దాన్ని అనుమానించే ముందు మూడు చోట్ల చూడు. ఆ ఐసీకి సప్లై వస్తోందా, దారిలో ఉన్న రెసిస్టర్ తెగిందా, యోక్ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్ట) కనెక్టర్ దగ్గర డ్రై సోల్డర్, అంటే పట్టు వదిలిన సోల్డర్, ఉందా. నేను పందెం కాసేది ఆ చివరిదాని మీదే. యోక్ నుంచి వచ్చే తీగలు లాగి లాగి, వేడెక్కి చల్లారి, ఆ పిన్నుల చుట్టూ సోల్డర్‌లో గుండ్రంగా వెంట్రుక లాంటి పగులు వస్తుంది. మామూలు కంటికి కనిపించదు, భూతద్దం పెట్టి బోర్డుని వెలుతురులో అటూ ఇటూ వంచి చూడాలి.

దోమలగూడ_డయోడ్
తాతగారూ, డిశ్చార్జ్ చేయకుండా చెయ్యి పెట్టమంటున్నారా? ముందు అది చెప్పాలి కదా. స్క్రూడ్రైవర్‌కి తీగ కట్టి బోర్డు గ్రౌండ్‌కి కలిపి ట్యూబు పక్కన రబ్బరు టోపీ కిందికి దూరిస్తే సరిపోతుంది.

టంకం_తాత
గుర్తు చేసినందుకు సంతోషం, కానీ బోర్డు గ్రౌండ్‌కి వద్దు డయోడ్. ట్యూబు వెనకాల నల్లటి పూత మీద అల్లిన తీగ ఒకటి బిగించి ఉంటుంది, క్లిప్పు దానికే పెట్టాలి. ట్యూబులో నిలవున్న చార్జి ఆ పూతకీ లోపలి పూతకీ మధ్యే ఉంటుంది కాబట్టి అది అక్కడికక్కడే పోవాలి. బోర్డు గుండా పంపితే దారిలో ఏ ట్రాన్సిస్టరో పోవచ్చు. 12 అంగుళాల ట్యూబైనా పదివేల వోల్టుల పైమాటే. ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, ఒక చెయ్యి జేబులో పెట్టుకుని రెండో చేత్తో చెయ్యాలి. కాస్త ఆగి ఇంకోసారి చెయ్యాలి, ఎందుకంటే కొంత చార్జి మళ్లీ పేరుకుంటుంది. ఇంకో మాట, ట్యూబు మెడ చాలా సన్నం, పనిముట్టు తగిలిందంటే ట్యూబు పోయినట్టే, ఇప్పుడు కొత్తది దొరకదు.

ఇదంతా అలవాటు లేకపోతే ఈసీఐఎల్ చౌరస్తా వైపో, సికింద్రాబాద్‌లోనో పాత టీవీ మెకానిక్ ఒకాయన ఇంకా కొట్టు తెరిచే ఉంటాడు, అక్కడికి తీసుకెళ్లు. ఈ పని వాళ్లకు కంఠతా వచ్చు.

ఆవకాయ్_బైట్
టీవీకి కలపడానికి ఏ పిన్ను వాడారు? వెనకాల ఉన్నది గుండ్రంగా తిప్పి బిగించే బీఎన్‌సీ సాకెట్ కదా. నాకు అది దొరక్క చాలా తిరిగాను.

మలక్‌పేట్_మైక్రో
సీసీకెమెరాల కొట్టులో అడగండి. కెమెరా కేబుళ్లకు వాడేది అదే బీఎన్‌సీ. బీఎన్‌సీ నుంచి ఆర్‌సీఏకి మార్చే చిన్న పిన్ను చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ కొట్లో అయినా ఇస్తారు. టీవీ పక్కన పసుపు రంగు ఏవీ రంధ్రంలో పెట్టడమే. మన దేశంలోనూ పాల్ అనే టీవీ సిగ్నల్ పద్ధతే కాబట్టి టీవీ ఏ పేచీ పెట్టకుండా తీసుకుంది. బొమ్మ నలుపు తెలుపే వస్తుంది, ఈ సాకెట్‌లో మామూలుగా రంగు ఉండదు.

తార్నాక_టీటీఎల్ గారు అడిగినట్టు అక్షరాలు రాసుకున్నాను. పై వరసలో బీ బీ సీ బదులు సీ సీ సీ అని ఉంది. దాని తర్వాత ఖాళీ ఉండాల్సిన చోట ! గుర్తు. తర్వాత కంప్యూటర్ అన్న మాటలో పీ బదులు క్యూ, టీ బదులు యూ, చివర ఆర్ బదులు ఎస్ పడ్డాయి, మిగతా అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత మళ్లీ !, ఆపైన 33కే. కింద బేసిక్‌లో మొదటి బీ బదులు సీ. > బదులు ప్రశ్నార్థకం. మిగిలిన తెర మొత్తం పైనుంచి కిందిదాకా ఆశ్చర్యార్థకాలే.

కోఠి_కుర్రోడు
మెషీన్‌కి మనల్ని చూసి అంత ఆశ్చర్యం ఎందుకో 😀

చిప్పు_మార్చెయ్
చెప్పాను కదా, ర్యామ్. డేటా చెడిపోతోంది. లేదంటే తెరకు చుక్కలు పంపే చిప్పు, వీడియో యూఎల్ఏ.

తార్నాక_టీటీఎల్
ఎవరూ చెయ్యి పెట్టకండి, ఇది చాలా అందమైన లోపం. మైక్రో, నువ్వు రాసిచ్చిన దాంట్లోనే జవాబు ఉంది.

ప్రతి అక్షరానికీ మెషీన్ లోపల ఒక సంఖ్య ఉంటుంది. పెద్ద బీ 66, సీ 67. చిన్న పీ 112, క్యూ 113. టీ 116, యూ 117. ఆర్ 114, ఎస్ 115. 2 అంకెకు 50, 3కి 51. > కి 62, ప్రశ్నార్థకానికి 63. ఖాళీకి 32, ఆశ్చర్యార్థకానికి 33. చూశారా, తప్పు పడిన ప్రతిచోటా సరిసంఖ్య ఒకటి పెరిగి బేసి అయింది. ఇప్పుడు సరిగ్గా పడినవి చూడండి. సీ 67, ఓ 111, ఎమ్ 109, యూ 117, ఈ 101, 3 అంకె 51, కే 75. అన్నీ ముందునుంచే బేసి సంఖ్యలు, అందుకే వాటికి ఏమీ కాలేదు.

అంటే ఎనిమిది డేటా బిట్లలో అన్నిటికంటే చిన్నది, బిట్ 0, ఎప్పుడూ 1 గానే ఉండిపోతోంది. ఒక్క తీగ. ఆ తీగ ఎక్కడ ఇరుక్కుందో పట్టుకుంటే చాలు. ఈ మెషీన్ తెర మీద రాసే పద్ధతులు, అంటే మోడ్‌లు, 0 నుంచి 7 దాకా ఉన్నాయి, ఆన్ చేయగానే వచ్చేది మోడ్ 7. మోడ్ 4 అని టైపు చేసి రిటర్న్ కొట్టు. తెర మీద ఏం పడినా పట్టించుకోకు, కీబోర్డు నుంచి లోపలికి సరిగ్గానే వెళుతుంది.

మలక్‌పేట్_మైక్రో
టైపు చేస్తుంటే డీ బదులు ఈ, 4 బదులు 5 పడ్డాయి. అయినా రిటర్న్ కొట్టగానే తెర శుభ్రంగా నల్లగా అయి, మూలలో సరైన > గుర్తు వచ్చింది! అందులో ప్రింట్ 2+2 కొడితే 4 వచ్చింది. అన్ని అక్షరాలూ సరిగ్గా ఉన్నాయి. మళ్లీ మోడ్ 7కి వచ్చి అదే కొడితే తెర మీద 3+3 అని కనిపిస్తోంది, జవాబు 5.

ఆవకాయ్_బైట్
మూడూ మూడూ అయిదు. మా అబ్బాయి లెక్కల టీచర్‌కి ఈ ఫొటో పంపాలి.

చిప్పు_మార్చెయ్
సరే, మోడ్ 4 బాగుందంటే ఆ మోడ్ వాడే ర్యామ్ బాగున్నట్టు. మోడ్ 7 వాడే ర్యామ్ ముక్క వేరు కదా, అక్కడ పోయి ఉండొచ్చు. నా మాట నేను వదలను.

తార్నాక_టీటీఎల్
మంచి ప్రశ్న, నిజంగా అడగాల్సిందే. మోడ్ 7కి కేవలం 1కే చాలు, అది ర్యామ్ చివర 31744 నుంచి 32767 దాకా ఉంటుంది. మోడ్ 4కి 10కే కావాలి, అది 22528 దగ్గర మొదలై అదే 32767 దాకా వెళుతుంది. అంటే మోడ్ 7 వాడే ప్రతి బైటునీ మోడ్ 4 కూడా వాడుకుంటుంది. అక్కడ ర్యామ్ చెడితే మోడ్ 4లో తెర కింది భాగంలో నిలువు చుక్కలు కనిపించాలి. మైక్రో, కనిపించాయా?

మలక్‌పేట్_మైక్రో
లేవు. తెర నిండేదాకా టైపు చేసి చూశాను, కింది వరస దాకా శుభ్రంగా ఉంది.

ఆవకాయ్_బైట్
ఇంకా అనుమానం ఉంటే మెషీన్‌నే అడగొచ్చు కదా. మోడ్ 7లో తెర పై ఎడమ మూల 31744. ముందు తెర తుడిచే సీఎల్ఎస్ కొట్టి, తర్వాత ?31744=66 అని కొట్టి అక్కడ బీ అక్షరం పెట్టండి. ఆ తర్వాత ప్రింట్ ?31744 అని అడగండి. 66 వస్తే ర్యామ్ మంచిది, 67 వస్తే ర్యామ్ చెడ్డది.

మలక్‌పేట్_మైక్రో
మూలలో సీ కనిపించింది. ప్రింట్ కొడితే వచ్చిన జవాబు 77.

చిప్పు_మార్చెయ్
77 ఏంటి? 66 కాదు, 67 కాదు. ఒక బిట్ కాదు, ఇంకా చాలా పోయాయి. నేను ముందే చెప్పా.

సైనిక్‌పురి_సైన్‌వేవ్
ఆగండాగండి. జవాబు కూడా అదే జబ్బు తెర మీద పడుతోంది కదా! 6 అంకె కోడ్ 54, అది 55 అయి 7గా కనిపిస్తోంది. 66 అని రాస్తే 77గానే కనిపిస్తుంది.

ఆవకాయ్_బైట్
భలే పట్టుకున్నారు. అయితే కళ్లతో కాకుండా చెవులతో అడుగుదాం. ఇఫ్ ?31744=66 వీడీయూ 7 అని కొట్టండి. వీడీయూ 7 అంటే బీప్. అయితే ఆ ఒక్క వరస టైపు చేసేముందు మళ్లీ సీఎల్ఎస్, మళ్లీ 66 పెట్టడం మర్చిపోవద్దు. తెర పైకి జరిగితే ఆ మూల వేరే చోటికి పోతుంది.

మలక్‌పేట్_మైక్రో
బీప్ వచ్చింది!! సరిచూసుకోవడానికి 67తో కూడా అడిగాను, అప్పుడు బీప్ రాలేదు.

తార్నాక_టీటీఎల్
ర్యామ్ కేసు కొట్టేశారు. ఈ పద్ధతి నేను దాచుకుంటున్నా ఆవకాయ్ గారూ, తెర అబద్ధం చెప్పినప్పుడల్లా పనికొస్తుంది.

ఇక దారి చూడండి. మోడ్ 0 నుంచి 6 దాకా ర్యామ్ నుంచి వచ్చే డేటా నేరుగా వీడియో యూఎల్ఏకి వెళుతుంది, అది చుక్కలుగా మారుస్తుంది. మోడ్ 7 ఒక్కటే వేరు. అది టెలిటెక్స్ట్ మోడ్, 40 అక్షరాలు, 25 వరసలు. అందులో డేటా ముందు ఐసీ 15లోకి వెళుతుంది, అది 74ఎల్ఎస్273 అనే మామూలు లాచ్. అక్కడ ఒక్క క్షణం ఆగి ఎస్ఏఏ5050లోకి వెళుతుంది. అక్షరాల ఆకారాలన్నీ ఆ చిప్పు కడుపులోనే ఉంటాయి. అది గీసిన బొమ్మ యూఎల్ఏ గుండా బయటికి వస్తుంది. తెరను నడిపే 6845 చిప్పు, యూఎల్ఏ, ర్యామ్, ప్రాసెసర్ అన్నీ మోడ్ 4లో పాసయ్యాయి. మిగిలింది లాచ్, 5050, వాటి మధ్య ట్రాకులు, 5050 సాకెట్. అంతే.

ముందు ఖర్చు లేని పని. కరెంటు తీసి 5050ని సాకెట్ నుంచి నెమ్మదిగా రెండు వైపులా కొద్దికొద్దిగా లేపి, కాళ్లు ఐసోప్రొపైల్‌తో తుడిచి, మళ్లీ కూర్చోబెట్టు. దానికి 28 కాళ్లు, ఒక్కటీ వంగకూడదు.

చిప్పు_మార్చెయ్
5050 అయితే మాత్రం దొరకడం కష్టం. ఆన్‌లైన్‌లో పాతవి అమ్ముతారు, చెక్ చేసినవో కాదో ఎవరికీ తెలియదు. ఫిలిప్స్ పీ2000టీ లోనూ ఇదే ఉండేది. దొరికితే రెండు కొను.

దోమలగూడ_డయోడ్
కొనడం తర్వాత. 5050లో బిట్ ఒక్కటి పోవడం కంటే లాచ్‌లో ఒక గేటు పోవడమే ఎక్కువ చూశాను నేను. మా ఫ్రెండ్ మెషీన్‌లో కూడా లాచే. వాడిది బిట్ 5 పోయింది, చిన్న అక్షరాలన్నీ పెద్దక్షరాలయ్యాయి.

సైనిక్‌పురి_సైన్‌వేవ్
నాకు మోడ్ 7 బాగుండి మిగతా మోడ్‌లు చెడిన కేసు ఉంది, దీనికి పూర్తిగా ఎదురు. ఆన్ చేసిన కొత్తలో బాగుండేది, కాసేపటికి మోడ్ 0లో అక్షరాల చుట్టూ చుక్కలు మెరవడం మొదలయ్యేది. యూఎల్ఏ మీద వేలు పెడితే కాలింది. పాత బోర్డుల్లో వచ్చిన యూఎల్ఏ విపరీతంగా వేడెక్కే రకం, వాటికి హీట్‌సింక్ కచ్చితంగా ఉండాలి. నా దాంట్లో హీట్‌సింక్ ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది అతికించాక మే నెల ఎండల్లో కూడా చుక్క మెరవలేదు. కాబట్టి వేడెక్కాక మాత్రమే వచ్చే లోపం ఉంటే ముందు అక్కడ చూడండి.

కొత్తగా_వచ్చా
నాకు ఇవేవీ తెలియవు కానీ మొత్తం చదువుతున్నాను. ఇంత పాత మెషీన్ మీద ఇంత కష్టపడటం ఎందుకని మాత్రం అడగాలనిపిస్తోంది, తప్పుగా అనుకోకండి.

సైనిక్‌పురి_సైన్‌వేవ్
తప్పేముంది, అడగాల్సిందే. మీ ఫోన్ చూడండి, అందులో ప్రాసెసర్ ఆర్మ్ జాతిది అయ్యే అవకాశమే ఎక్కువ. ఆర్మ్ మొదటి చిప్పు 1985 ఏప్రిల్‌లో ప్రాణం పోసుకున్నది ఇదే బీబీసీ మైక్రోకి సెకండ్ ప్రాసెసర్‌గా తగిలిస్తేనే. తయారు చేసింది కూడా అదే ఏకార్న్ కంపెనీ. అలాంటి మెషీన్ మన బడి పిల్లల చేతుల్లో తిరిగింది. మొహాలీలో ప్రభుత్వ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ వీటిని ఇక్కడే తయారు చేసింది కూడా. మన దగ్గర ఇవి ఎన్ని మిగిలాయో చూస్తే బాధేస్తుంది. ఇంకో విషయం, దీనిలో ప్రతి తీగా ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఒక మనిషి పూర్తిగా అర్థం చేసుకోవచ్చు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లో ఆ వీలు లేదు.

మలక్‌పేట్_మైక్రో
రెండు కబుర్లు.

మానిటర్ బాగైంది! టంకం తాతగారు చెప్పింది చెప్పినట్టే, యోక్ కనెక్టర్ పిన్నుల్లో ఒకదాని చుట్టూ ఉంగరంలా పగులు. పాత టీవీలు చేసే ఒకాయన దగ్గర కూర్చుని చూశాను. ఆయన భూతద్దం తీసి ఆ పిన్నుని గోరుతో కొద్దిగా కదిపి చూపించాడు, పిన్ను కదులుతుంటే చుట్టూ ఉన్న సోల్డర్ కదల్లేదు. పాత సోల్డర్ పూర్తిగా పీల్చేసి కొత్తది పెట్టాడు, గీత విచ్చుకుని తెర మొత్తం పచ్చగా నిండింది. ఎత్తు కొంచెం తక్కువగా ఉంటే యోక్‌కి వెళ్లే కప్లింగ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ కూడా మార్చాడు. ఆ పచ్చ వెలుగు ఎల్‌సీడీలో రానే రాదు.

గ్రీన్ మానిటర్‌లోనూ అవే ఆశ్చర్యార్థకాలు. 5050 తీసి తుడిచి పెట్టాను, మార్పేమీ లేదు. లాజిక్ ప్రోబ్ లేదు, మల్టీమీటర్ మాత్రమే ఉంది. ఇక్కడి నుంచి ఎలా?

టంకం_తాత
శభాష్. పగులున్న చోట పాతది పీల్చి కొత్తది పెట్టడమే సరైన పని. పాతదాని మీదే ఇంకాస్త కరిగించి వదిలేస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

తార్నాక_టీటీఎల్
మల్టీమీటర్‌తోనూ చాలావరకు తెలుస్తుంది. అది వేగంగా మారే సిగ్నల్‌ని పట్టుకోలేదు, సగటు చూపిస్తుంది. మనకు అది చాలు. మోడ్ 7లో తెర దాదాపు ఖాళీగా వదిలెయ్. ఖాళీ అంటే 32, అంటే ఒక్క బిట్ 5 మాత్రమే ఎక్కువసేపు పైన ఉండాలి, మిగతావి సగటున కిందే ఉండాలి. ఐసీ 15 అవుట్‌పుట్ కాళ్లు ఒక్కొక్కటీ కొలిచి రాసుకో. బిట్ 0 అవుట్‌పుట్ కదలకుండా పైనే ఉండి, దాని ఇన్‌పుట్ మధ్యస్థంగా ఊగుతుంటే లాచే దొంగ. అవుట్‌పుట్ మామూలుగా ఉండి, 5050 కాలు దగ్గర కొలత తేడాగా ఉంటే మధ్యలో ట్రాకో సాకెట్టో. ప్రోబ్ మొన పక్క కాలికి తగలకుండా జాగ్రత్త, మొన మీద సన్నని స్లీవ్ తొడుక్కుంటే మంచిది.

మలక్‌పేట్_మైక్రో
బిట్ 0 అవుట్‌పుట్ 4 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడింది. దాని ఇన్‌పుట్ మిగతా ఇన్‌పుట్లలాగే మధ్యలో ఉంది. మిగతా అవుట్‌పుట్లలో ఒక్కటి మాత్రమే పైన ఉంది, అది బిట్ 5. మిగిలినవన్నీ 1 వోల్టు లోపే.

తార్నాక_టీటీఎల్
దొరికింది. 74ఎల్ఎస్273 మార్చు.

దోమలగూడ_డయోడ్
తీసేటప్పుడు చిప్పుని కాపాడాలని చూడకు, బోర్డుని కాపాడు. సన్నని కట్టర్‌తో ఇరవై కాళ్లూ చిప్పు ఒంటి దగ్గర కత్తిరించు. తర్వాత ఒక్కో కాలూ విడిగా వేడి చేసి ట్వీజర్‌తో లాగితే రంధ్రం శుభ్రంగా వస్తుంది. గ్రౌండ్ కాలు మాత్రం వేడి త్వరగా పట్టదు, కాస్త కొత్త సోల్డర్ కలిపి వేడి చెయ్యి, బలవంతంగా లాగకు. అక్కడ సాకెట్ పెట్టి దాంట్లో కొత్త చిప్పు వెయ్.

కోఠి_కుర్రోడు
గుజరాతీ గల్లీలో అడిగి నేనే తెచ్చిస్తా. ఒక కొట్లో 273 లేదన్నారు, 373 తీసుకో, అదీ ఇదీ ఒకటే అన్నారు. తీసుకోనా?

తార్నాక_టీటీఎల్
వద్దు! రెండిటికీ ఇరవై కాళ్లే, కాళ్ల వరసా దాదాపు ఒకటే, అందుకే వాళ్లు అలా అంటారు. 273లో ఒకటో కాలు క్లియర్, పనిచేయాలంటే అది పైన ఉండాలి. 373లో అదే కాలు అవుట్‌పుట్ ఎనేబుల్, అది పైన ఉంటే అవుట్‌పుట్లన్నీ ఆగిపోతాయి. పదకొండో కాలి తీరు కూడా వేరే. 74హెచ్‌సీటీ273 ఇస్తే తీసుకో, అది సరిపోతుంది. మధ్యలో టీ అక్షరం ఉండాలి, ఉత్త హెచ్‌సీ వద్దు.

కోఠి_కుర్రోడు
హెచ్‌సీటీ దొరికింది. రెండు తీసుకున్నా. ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళ్తున్నా, దారిలో ఇచ్చేస్తా మైక్రో భయ్యా.

మలక్‌పేట్_మైక్రో
వేశాను. ఆన్ చేయగానే పై వరస సరిగ్గా వచ్చింది, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. ప్రింట్ 2+2 కొడితే రెండూ రెండూ నాలుగే. కోఠి భయ్యాకి, టీటీఎల్ గారికి, ఆవకాయ్ గారికి, తాతగారికి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

ఒక చిన్న విషయం మిగిలింది. టీవీలో మోడ్ 7 అక్షరాలు సన్నగా వణుకుతున్నాయి, మోడ్ 4లో అంత లేదు. గ్రీన్ మానిటర్‌లో అస్సలు తెలియట్లేదు. ఇంకేమైనా లోపమా?

తార్నాక_టీటీఎల్
లోపం కాదు. మోడ్ 7 ఎప్పుడూ ఇంటర్‌లేస్‌లోనే ఉంటుంది, అక్షరాల అంచులు గుండ్రంగా రావడానికి 5050 సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి కొద్ది తేడాతో గీస్తుంది. గ్రీన్ ట్యూబు వెలుగు నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి ఆ తేడా కలిసిపోతుంది, ఎల్‌సీడీలో కలవదు. మిగతా మోడ్‌లలో *టీవీ 0,1 కొట్టి మళ్లీ మోడ్ మారిస్తే ఇంటర్‌లేస్ ఆగుతుంది. మోడ్ 7కి ఆ కమాండ్ పనిచేయదు.

కొత్తగా_వచ్చా
మొన్న ఎందుకు అని అడిగింది నేనే. ఈ ఆదివారం ఎర్రగడ్డలో ఇలాంటిదే ఒకటి కనిపిస్తే కొనేశాను! పవర్ సప్లై విప్పి డయోడ్ గారు చెప్పిన పసుపు కెపాసిటర్లు మార్పించాకే ఆన్ చేశాను. "బూ" శబ్దం వస్తోంది, కానీ ఆగట్లేదు, అలా మోగుతూనే ఉంది. తెర మీద ఏదో పిచ్చి గీతలు. మోడ్ 4 కొట్టినా ఏమీ మారట్లేదు. నాది కూడా లాచేనా?

చిప్పు_మార్చెయ్
దీనికైనా ర్యామ్ అననివ్వండి.

తార్నాక_టీటీఎల్
ఈసారి నీ మాట నిజమయ్యే అవకాశం ఉంది చిప్పూ, కానీ అది వరసలో చివరిది. కొత్తగా గారూ, మీ తెర వైపు ఇప్పుడు చూడకండి. "బూ" ఆగట్లేదంటే ప్రాసెసర్ మొదలవ్వాల్సిన పనే పూర్తి చేయట్లేదు, బొమ్మ ఎలా ఉన్నా అర్థం లేదు. బోర్డు మీద 5 వోల్టులు కొలవండి, పవర్ సప్లై దగ్గర కాదు, చిప్పు కాళ్ల మీద. పవర్ సప్లై నుంచి వచ్చే ఎర్ర, నల్ల తీగల జతలన్నీ గట్టిగా బిగించి ఉన్నాయో లేదో చూడండి. తర్వాత కరెంటు తీసి ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న రోమ్ చిప్పు, దానితో పాటు 6502 ప్రాసెసర్, తీసి తుడిచి మళ్లీ కూర్చోబెట్టండి. వాటితో మారకపోతే వోల్టేజీ కొలతలు, బోర్డు ఫొటో పెట్టి వేరే పోస్టు వెయ్యండి. అక్కడ ర్యామ్ గురించి మాట్లాడుకుందాం.

కోఠి_కుర్రోడు
నా దగ్గర చిప్పులు తీసే పుల్లర్ ఉంది, కావాలంటే సాయంత్రం వచ్చి తీసుకోండి. స్క్రూడ్రైవర్‌తో మాత్రం లేపొద్దు.